పొలంలో కలిపిన గడ్డిలో కర్బనం ఎంత మిగులుతుంది? సొంతంగా మోడల్ కట్టుకునే పద్ధతి

హెక్టారుకు 5 టన్నుల ఎండు గడ్డి మట్టిలో కలిపారనుకోండి. ఎండు గడ్డిలో కర్బనం 42 శాతం అనుకుంటే మీరు మట్టికి ఇచ్చింది 2,100 కిలోల కర్బనం. ఏడాది గడిచాక అందులో ఎంత మట్టిలో ఉంది, ఎంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోయింది?

మట్టి పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. తేలదు. సేంద్రియ కర్బనం 1 శాతమే ఉన్న నేలలో కూడా పై 30 సెంటీమీటర్ల మట్టిలో హెక్టారుకు దాదాపు 42 టన్నుల కర్బనం ఉంటుంది (ఘనపు సెంటీమీటరు మట్టి 1.4 గ్రాములు తూగుతుందని లెక్క). మీరు వేసినదాంట్లో ముప్పావు టన్ను మిగిలినా రిపోర్టులో 1.00 ఉన్నది 1.02 అవుతుంది, అంతే. నమూనా తీసే చోటు నాలుగు అడుగులు పక్కకు జరిగితే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. మట్టి పరీక్షలో ఈ మార్పు కనబడాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా తెలుసుకోవాలంటే మోడల్, అంటే గడ్డి కుళ్లే తీరును అంకెల్లో అనుకరించే లెక్క, ఒక్కటే దారి.

మోడల్ అనగానే పెద్ద ప్రోగ్రాం రాయాలేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ చాలు. రెండు సంగతులు మాత్రం మొదటి నుంచి చివరి దాకా మర్చిపోకండి. గడ్డి అంతా ఒకే వేగంతో కుళ్లదు. ఏ రోజు లెక్క తీసినా, వేసిన కర్బనం మొత్తం ఎక్కడో ఒకచోట కనబడాలి.

మొదట ప్రశ్న తేల్చుకోండి

మీకు కావలసింది మొదటి మూడు నెలల్లో ఎంత వాయువు బయటికి వస్తుందనా, పదేళ్ల తర్వాత నేలలో కర్బనం ఎంత పెరుగుతుందనా? రెండింటికీ మోడల్ ఒకటే, కానీ జాగ్రత్తగా కొలవాల్సిన అంకెలు వేరు. మూడు నెలల ప్రశ్నకు త్వరగా కుళ్లే భాగం ఎంతో తెలియాలి. పదేళ్ల ప్రశ్నకు ఆ భాగం పెద్దగా పట్టదు, అది తొలి కొన్ని నెలల్లోనే అయిపోతుంది. అక్కడ నడిపించేది సూక్ష్మజీవుల చేతుల్లో రూపం మారి నేలలో నిలిచే కర్బనం. ఇది తేల్చుకోకుండా కొలతలు మొదలుపెడితే శ్రమంతా పనికిరాని చోట పోతుంది.

మీ పదార్థం ఏమిటో తెలుసుకోండి

మొదట తేమ తీసేసిన బరువు కావాలి. కొంత నమూనా తీసి 65–70 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. పచ్చి ఆకులో నూటికి 70–80 పాళ్లు నీళ్లే ఉండొచ్చు కాబట్టి తడి బరువుతో కట్టిన లెక్కకు విలువ లేదు. తర్వాత కర్బన శాతం. ల్యాబ్‌లో కొలిపిస్తే మంచిది. వీలుకాకపోతే మొక్కల ఎండు పదార్థానికి 40 నుంచి 45 శాతం మధ్య ఒక అంకె తీసుకోవచ్చు. పశువుల ఎరువుకు మాత్రం ఈ ఊహ పనికిరాదు. అందులో మట్టి, బూడిద ఎంత కలిసిందో చూసి చెప్పలేం, దాన్ని కొలవాల్సిందే.

నత్రజని కూడా కొలిపించండి. గడ్డిలో ప్రతి కిలో నత్రజనికి 60 నుంచి 100 కిలోల దాకా కర్బనం ఉంటుంది. పప్పుజాతి పచ్చి ఆకులో 15–25 కిలోలే. లిగ్నిన్ (మొక్కకు గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎంతుందో తెలిస్తే ఇంకా మేలు. మెల్లగా కుళ్లే భాగం ఎంతన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

మూడు గదుల లెక్క

కుళ్లడానికి అందరూ వాడే సూత్రం చాలా చిన్నది: ఇవాళ పోయేది ఇవాళ ఉన్నదానిలో ఒక స్థిరమైన వంతు. రోజుకు 5 శాతం పోతుందనుకుంటే 100 కిలోల నుంచి 5 కిలోలు పోతాయి, మర్నాడు మిగిలిన 95 నుంచి 4.75 పోతాయి. ఈ వంతునే కుళ్లే రేటు అంటారు. 0.693ను రేటుతో భాగిస్తే సగం కావడానికి పట్టే రోజులు వస్తాయి. 0.05 రేటుకు 14 రోజులు, 0.003 రేటుకు 231 రోజులు.

గడ్డి మొత్తానికి ఒకే రేటు పెడితే తప్పు లెక్క వస్తుంది. చక్కెరలు, పిండి పదార్థం, ప్రోటీన్లు రోజుల్లో పోతాయి. లిగ్నిన్‌తో బిగుసుకున్న సెల్యులోజ్ నెలలు, ఏళ్లు పడుతుంది. మొదటి నెల కొలతలకు సరిపోయేలా ఒకే రేటు కుదిర్చి ఏడాదికి పొడిగిస్తే అంతా పోయినట్టు చూపిస్తుంది. ఏడాది కొలతకు కుదిరిస్తే మొదటి నెలలో వాయువు బాగా తక్కువ చూపిస్తుంది. అందుకే మూడు గదులు పెట్టండి.

త్వరగా కుళ్లే భాగం, మెల్లగా కుళ్లే భాగం మీరు వేసిన గడ్డివి. మూడోది మారిన కర్బనం. సూక్ష్మజీవులు తిన్నదంతా కార్బన్ డయాక్సైడ్ కాదు, కొంత వాటి ఒళ్లవుతుంది. అవి చచ్చాక అది మట్టి రేణువులకు అంటుకుని నిలుస్తుంది. ఆ కర్బనమే మూడో గదిలోకి వస్తుంది. వీటి పక్కన బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్‌కు ఒక కాలమ్.

అంకెలు పెట్టి చూద్దాం. ఇవి పద్ధతి నేర్చుకోవడానికి తీసుకున్నవి, 25 డిగ్రీల దగ్గర, తేమ చాలినంత ఉన్న మట్టికి. 2,100 కిలోల్లో 40 శాతం త్వరగా కుళ్లేది, అంటే 840 కిలోలు, రేటు రోజుకు 0.05. మిగిలిన 1,260 కిలోలు మెల్లగా కుళ్లేవి, రేటు 0.003. కుళ్లిన ప్రతి కిలోలో 60 శాతం వాయువవుతుంది, 40 శాతం మూడో గదికి చేరుతుంది. మూడో గది రేటు 0.0005.

మొదటి రోజు. త్వరగా కుళ్లే భాగం నుంచి 42 కిలోలు, మెల్లగా కుళ్లే భాగం నుంచి 3.78 కిలోలు, మొత్తం 45.78. అందులో 27.47 వాయువు, 18.31 మూడో గదికి. సాయంత్రానికి మిగిలినవి 798, 1,256.22, 18.31, బయటికి పోయింది 27.47. నాలుగూ కూడితే 2,100.

రెండో రోజు 798లో 5 శాతం 39.9, 1,256.22 నుంచి 3.77. మూడో గది నుంచి 0.009 కిలో కుళ్లి, అందులో 60 శాతం వాయువై, మిగతాది మళ్లీ అదే గదికి తిరిగొస్తుంది. రోజు ముగిసేసరికి 758.10, 1,252.45, 35.77, బయట 53.67. మళ్లీ కూడండి, 2,100 (0.01 తేడా వస్తే అది దశాంశాలు కుదించడం వల్లే). ఇది దుకాణం జమాఖర్చు పుస్తకం లాంటిదే, పూటపూటకీ మొత్తం కలవాలి. స్ప్రెడ్‌షీట్‌లో చివర ఒక కాలమ్ ఈ కూడికకే కేటాయించి, 2,100 కాని చోట సెల్ ఎర్రగా మారేలా పెట్టుకోండి. ఫార్ములాలో ఒక్క సెల్ జారినా ఇక్కడే పట్టుబడుతుంది.

రెండో రోజు వరసను కిందికి లాగితే ఏడాది లెక్క సిద్ధం. నూరో రోజుకు బయటికి పోయింది సుమారు 707 కిలోలు. త్వరగా కుళ్లే భాగంలో మిగిలింది 5 కిలోలే, మెల్లగా కుళ్లేదాంట్లో 933, మూడో గదిలో 455. ఏడాది చివరికి గడ్డి రూపంలో 421, మూడో గదిలో 618, గాలిలో 1,061.

రోజులకు బదులు నెలలు పెట్టాలనుకుంటే ఒక జాగ్రత్త. 0.05ను 30తో గుణిస్తే 1.5, అంటే ఉన్నదానికంటే ఎక్కువ పోవాలి! గదిలో మైనస్ అంకెలు వస్తాయి. రేటును రోజులతో గుణించిన ఫలితం 0.1 దాటకుండా చూసుకోండి. లేదంటే గుణకారం మానేసి ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్ (ఎక్సెల్‌లో EXP) వాడండి, అప్పుడు ఎంత పెద్ద అంగ వేసినా మైనస్‌లోకి పోదు.

వచ్చిన ఫలితాన్ని వెంటనే నమ్మకండి

మన లెక్కలో ఏడాది తర్వాత 2,100లో 1,039 కిలోలు, అంటే దాదాపు సగం, నేలలోనే ఉంది. ఇది నిజంగా జరిగేదేనా? సరిచూడటానికి గట్టి ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో రేడియోధార్మిక కర్బనంతో గుర్తు పెట్టిన రై గడ్డిని మట్టిలో కలిపి డేవిడ్ జెన్కిన్సన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వెంటాడారు. ఏడాదికి సుమారు మూడో వంతు, ఐదేళ్లకు సుమారు ఐదో వంతు నేలలో మిగిలింది. అదే ప్రయోగం నైజీరియాలో అయనాబా అనే మరో శాస్త్రవేత్తతో కలిసి చేసి 1977లో ప్రచురించారు. అక్కడ తరుగుదల గ్రాఫు వంపు ఆకారం అదే, వేగం మాత్రం దాదాపు నాలుగు రెట్లు. రోథమ్‌స్టెడ్ సగటు ఉష్ణోగ్రత 9 డిగ్రీల దగ్గర, నైజీరియాలోని ఆ చోట 26 దగ్గర.

మన లెక్క 25 డిగ్రీలకు. అక్కడ సగం మిగలడం నమ్మేలా లేదు. దేన్ని అనుమానించాలి?

ముందుగా వాయువయ్యే వంతును. రోథమ్‌స్టెడ్ వాళ్లదే రోథ్-సీ అనే మోడల్ ఉంది, ప్రపంచమంతా వాడుతున్నది. అందులో ఈ వంతు బంకమట్టిని బట్టి మారుతుంది. బంకమట్టి అసలు లేకపోతే 85 శాతం, 10 శాతం ఉంటే 81, 23 శాతం దగ్గర 78, 40 శాతం ఉంటే 76. బంకమట్టి ఎక్కువున్న నేల కర్బనాన్ని ఎక్కువ పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ తేడా. మన 60 శాతం అన్నిటికంటే తక్కువ. 78 పెట్టి షీటును మళ్లీ నడిపితే ఏడాదికి మిగిలేది 752 కిలోలు, అంటే 36 శాతం. ఒక్క అంకె మార్చితే 287 కిలోల తేడా!

తర్వాత త్వరగా కుళ్లే వంతు. మామూలు పంట అవశేషాలకు రోథ్-సీ 59 శాతం త్వరగా, 41 శాతం మెల్లగా అని విడగొడుతుంది. అది పెడితే మిగిలేది 31 శాతం. రోథమ్‌స్టెడ్‌లో వాడిన రై గడ్డి లేతది, మీది ముదురు గడ్డి అయితే 40 శాతమే నిజానికి దగ్గర కావచ్చు. ఇక్కడ పుస్తకంలోని అంకె కంటే మీ కొలతే గొప్ప.

మూడో గది రేటును రెట్టింపు చేసి చూడండి. మొదటి ఏడాది ఫలితం మొత్తంలో 2 శాతం దగ్గర కదులుతుంది. మొదటి ఏడాది ప్రశ్నకు దాని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పదేళ్ల ప్రశ్నకైతే అదే ప్రధానం.

ఇలా ఒక్కో అంకె కదిపి చూడటం సరదాకి చేసే పని కాదు. కొలతల మీద పెట్టే డబ్బు, కాలం ఎక్కడ పెట్టాలో ఇదే చెబుతుంది. కొలతలు మొదలుపెట్టకముందే చేయాల్సిన పని.

సీసాల్లో కొలవడం

ఒక లీటరు గాజు సీసా, గాలి చొరబడని మూత. అందులో పొడి బరువు 100 గ్రాములకు సమానమైన మట్టి, నీటిని పట్టుకునే శక్తిలో 60 శాతం తేమతో. ఎండిన మట్టిని తడపగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభిస్తాయి, అది మీ గడ్డి ఖాతాలో పడుతుంది. అందుకే తడిపిన మట్టిని వారం రోజులు ఊరికే ఉంచి, ఆ తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన 1 గ్రాము ఎండు గడ్డి కలపండి. లోపల ఒక చిన్న గాజు పాత్రలో 20 మిల్లీలీటర్ల 1 నార్మల్ (గాఢత కొలమానం) సోడియం హైడ్రాక్సైడ్ పెట్టండి. వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను అది పట్టేస్తుంది. మట్టి ఆరకుండా ఇంకో పాత్రలో కొంచెం నీళ్లు. ఈ క్షారం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

గడ్డి కలిపిన సీసాలు కనీసం మూడు, మట్టి మాత్రమే ఉన్నవి మూడు, అసలు మట్టే లేనివి రెండో మూడో ఉండాలి. ఆఖరివి అనవసరమనిపిస్తుంది గానీ సీసాలోని గాలిలో ముందే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయడానికి వేరే మార్గం లేదు.

క్షారాన్ని బయటికి తీసి బేరియం క్లోరైడ్ కలిపితే పట్టుబడిన కార్బనేట్ తెల్లగా అడుగుకు దిగుతుంది. మిగిలిన క్షారాన్ని ఫినాఫ్తలీన్ అనే రంగు సూచిక వేసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి, అంటే గులాబీ రంగు పోయేదాకా ఆమ్లం చుక్కలుగా కలిపి ఎంత పట్టిందో చూడండి. 1 నార్మల్ ఆమ్లం ఒక మిల్లీలీటరు తేడా వస్తే 6 మిల్లీగ్రాముల కర్బనం. ఉదాహరణకు ఖాళీ సీసాకు 19.6 మిల్లీలీటర్లు, మట్టి సీసాకు 17.1, గడ్డి సీసాకు 9.4 పట్టాయనుకోండి. మట్టి సొంతంగా వదిలింది 19.6 లోంచి 17.1 తీసేసి 6తో గుణిస్తే 15 మిల్లీగ్రాములు. గడ్డి వల్ల అదనంగా వచ్చింది 17.1 లోంచి 9.4 తీసేసి 6తో గుణిస్తే 46.2. గడ్డిలో ఉన్నది 420 మిల్లీగ్రాములు కాబట్టి ఆ విడతలో 11 శాతం బయటికొచ్చింది.

చాలామంది గమనించని విషయం ఆక్సిజన్. లీటరు గాలిలో ఆక్సిజన్ 210 మిల్లీలీటర్లే, అది సుమారు 100 మిల్లీగ్రాముల కర్బనం మండడానికి సరిపోతుంది. పై ఉదాహరణలో మట్టి, గడ్డి కలిసి 61 మిల్లీగ్రాములు వదిలాయి, అంటే సగానికి పైగా ఆక్సిజన్ అయిపోయింది. ఇంకాస్త ఆగితే కుళ్లడం నెమ్మదిస్తుంది, మీరు అది గడ్డి స్వభావం అనుకుంటారు. మొదటి రెండు వారాలు ఒకటి రెండు రోజులకోసారి మూత తీసి గాలి మార్చి, క్షారం మార్చండి. తర్వాత వారానికోసారి, రెండో నెల నుంచి రెండు వారాలకోసారి చాలు. మొత్తం మీద 90 రోజుల కంటే తక్కువ చేయకండి. నెల రోజులతో ఆపితే మెల్లగా కుళ్లే రేటు గురించి ఆ కొలతలు మీకు ఏమీ చెప్పవు.

గడ్డి సీసా నుంచి మట్టి సీసా తీసేయడంలో ఒక లొసుగు ఉంది. తాజా గడ్డి దొరికిన సూక్ష్మజీవులు ఉత్సాహంతో మట్టిలోని పాత కర్బనాన్ని కూడా ఎక్కువ తినొచ్చు. అదంతా గడ్డి పేరు మీదే పడుతుంది. దీన్ని విడదీయాలంటే ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రూపాలు) కావాలి. గుర్తు పెట్టిన గడ్డి దొరక్కపోయినా, ఇప్పటిదాకా ఎక్కువగా వరి, పప్పుధాన్యాల లాంటి సీ3 మొక్కలే పెరిగిన నేలలో మొక్కజొన్న, జొన్న లాంటి సీ4 మొక్కల అవశేషం కలిపితే, ఈ రెండు రకాల మొక్కల్లో వేరుగా ఉండే బరువైన కర్బనం (కార్బన్-13) పాళ్లను బట్టి రెండింటినీ వేరు చేయొచ్చు. సున్నపు నేలల్లో ఇంకో చిక్కు, సున్నం నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

పొలంలో సంచులు

సీసా వాయువును కొలుస్తుంది, మిగిలిన గడ్డిని కాదు. వాయువు తక్కువ వచ్చిందంటే గడ్డి కుళ్లలేదా, కుళ్లి మూడో గదికి చేరిందా అన్నది సీసా చెప్పలేదు. అందుకే వాయువు కొలతలొక్కటే పెట్టుకుని రేట్లూ, వాయువయ్యే వంతూ అన్నీ ఒకేసారి కుదిర్చితే ఎన్నో రకాల జవాబులు సమానంగా అతుకుతాయి. దీన్ని తప్పించడానికి నేను సిఫారసు చేసేది నైలాన్ వల సంచులు.

1 మిల్లీమీటరు రంధ్రాల వలతో 20 సెంటీమీటర్ల చదరపు సంచులు కుట్టి, ఒక్కోదానిలో 15 గ్రాముల ఎండు గడ్డి వేసి 10 సెంటీమీటర్ల లోతున పాతండి. గడ్డిని ఇక్కడ పొడి చేయకండి, పొలంలో పడే పొడవుకే కత్తిరించండి. 2, 4, 8, 16, 32, 52 వారాలకు నాలుగేసి చొప్పున తీసి, మెల్లగా కడిగి, ఆరబెట్టి తూచండి. గడ్డికి మట్టి అంటుకునే ఉంటుంది కాబట్టి తూచిన బరువు ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొంచెం తీసి 550 డిగ్రీల దగ్గర కాల్చి, మిగిలిన బూడిదను తీసేసిన బరువుతోనే లెక్క కట్టండి. ఇది వదిలేసిన సంచి లెక్కలను నేను నమ్మను.

సంచి రెండు గడ్డి గదుల రేట్లు చెబుతుంది. సీసా వాయువయ్యే వంతు చెబుతుంది. రెండూ కలిస్తేనే మూడు గదులూ నిలబడతాయి.

అంకెలు కుదర్చడం

షీటులో కొలత పక్కన మోడల్ చెప్పిన అంకె, దాని పక్కన తేడాను దానితోనే గుణించిన వర్గం, కింద ఆ వర్గాల మొత్తం. ఎక్సెల్‌లోని సాల్వర్ అనే పనిముట్టును పిలిచి ఆ మొత్తం తక్కువయ్యేలా త్వరగా కుళ్లే వంతు, రెండు రేట్లు మార్చమనండి. వంతు 0 కి 1 కి మధ్య ఉండాలని, మొదటి రేటు రెండోదానికంటే ఎక్కువ ఉండాలని షరతు పెట్టండి. లేకపోతే రెండు గదులూ పేర్లు మార్చుకుంటాయి.

వాయువు కొలతల్లో ఒక్కో విడతకు వచ్చిన అంకెనే కుదర్చండి, మొదటి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తాన్ని కాదు. కూడికలో మొదటి రోజు పొరపాటు చివరి దాకా వెంట వస్తుంది, గ్రాఫు మాత్రం చాలా నున్నగా, అందంగా కనిపించి మోసం చేస్తుంది. సాల్వర్‌ను నాలుగైదు వేర్వేరు మొదటి అంకెలతో నడపండి. ప్రతిసారీ వేరే జవాబు వస్తుంటే మీ కొలతలు అన్ని సంగతులు చెప్పలేవని అర్థం. అప్పుడు వాయువయ్యే వంతును బంకమట్టి ఆధారంగా బిగించేసి మిగతావి మాత్రమే వదలండి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఆర్ భాషలో సాయిల్-ఆర్ ప్యాకేజీ ఉంది, ఇవే గదులను అందులో కట్టుకోవచ్చు.

ఒక రకం గడ్డి కొలతల్ని గానీ ఒక పొలం కొలతల్ని గానీ కుదర్చడానికి వాడకుండా పక్కన పెట్టండి. తర్వాత మోడల్‌ను దాని మీద నడిపి తేడా ఎంతో చూడండి. తాను ముందే చూసిన కొలతలకు సరిపోవడం ఏ మోడల్‌కూ గొప్ప కాదు.

వాతావరణాన్ని జోడించడం

సీసాలను 25 డిగ్రీల దగ్గర ఉంచితే వచ్చే రేట్లు 25 డిగ్రీలవి, పొలం రోజుకో తీరుగా ఉంటుంది. సులువైన పద్ధతి, 10 డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు అనుకోవడం. 25 దగ్గర గుణకం 1, 15 దగ్గర 0.5, 20 దగ్గర 0.71, 30 దగ్గర 1.41, 35 దగ్గర 2. ఆ రోజు రేట్లన్నిటినీ ఈ గుణకంతో గుణించండి. గాలి ఉష్ణోగ్రత కాకుండా 10 సెంటీమీటర్ల లోతు మట్టి ఉష్ణోగ్రత వాడండి. మట్టి మరీ వేడెక్కే చోట్ల ఈ రెట్టింపు సూత్రాన్ని 35 దాటి పొడిగించకండి.

ఇతరుల రేట్లు అరువు తెచ్చుకునేటప్పుడు అవి ఏ ఉష్ణోగ్రతవో తప్పకుండా చూడండి. రోథ్-సీలో మెల్లగా కుళ్లే భాగానికి రేటు ఏడాదికి 0.3. అది రోథమ్‌స్టెడ్ సగటు 9 డిగ్రీల దగ్గరి లెక్క. దాని ఉష్ణోగ్రత సూత్రం ప్రకారం 25 డిగ్రీల దగ్గర 3.8 రెట్లు చేయాలి. 365తో భాగిస్తే రోజుకు 0.003 వస్తుంది. మన ఉదాహరణలో వాడిన అంకె ఇదే. గుణకం మర్చిపోయి ఏడాదికి 0.3 అనే లెక్కనే వాడితే వెచ్చటి నేలలో గడ్డి నిజానికంటే చాలా మెల్లగా కుళ్లినట్టు లెక్క వస్తుంది.

తేమకు ఇంకో గుణకం. మట్టి ఖాళీల్లో 60 శాతం నీళ్లున్నప్పుడు గాలీ నీరూ రెండూ చాలినంత ఉంటాయి, అక్కడ 1. ఎండేకొద్దీ తగ్గించండి, కానీ సున్నాకు దించకండి. రోథ్-సీ ఎంత ఎండినా 0.2 దగ్గర ఆగుతుంది. ఖాళీలు నీటితో నిండేకొద్దీ కూడా తగ్గుతుంది. నీళ్లు నిలిచే పొలానికి మాత్రం ఈ మోడల్ వాడొద్దు. అక్కడ ఆక్సిజన్ లేక మీథేన్ పుడుతుంది, దానికి వేరే లెక్క.

గడ్డిని దున్ని కలపకుండా పైనే వదిలేస్తే మట్టి తేమ గుణకం పనికిరాదు. పైన పడ్డ గడ్డి మట్టికంటే ముందే ఎండిపోతుంది, సూక్ష్మజీవులకు నత్రజనీ అందదు. సంచులను కూడా పాతకుండా పైనే పెట్టి రేట్లు వేరేగా తెచ్చుకోండి.

నత్రజని సరిపోతుందా?

నత్రజనికి 80 రెట్లు కర్బనం ఉన్న గడ్డిలో 100 కిలోల కర్బనం కుళ్లితే 1.25 కిలోల నత్రజని బయటపడుతుంది. వాయువయ్యే వంతు 78 శాతమైతే అందులో 22 కిలోల కర్బనం మూడో గదికి చేరుతుంది, అక్కడ ప్రతి 10 కిలోల కర్బనానికి సుమారు ఒక కిలో నత్రజని కావాలి, అంటే 2.2 కిలోలు. తక్కువపడిన దాదాపు కిలోను సూక్ష్మజీవులు మట్టిలోంచి లాగుతాయి. మట్టిలో లేకపోతే కుళ్లడమే మందగిస్తుంది. ప్రతి రోజూ ఈ తీసివేత ఒక కాలమ్‌లో పెట్టండి. అవసరం మట్టిలో ఉన్న నత్రజనిని మించిన రోజు గడ్డి రేట్లను ఆ మేరకు తగ్గించండి. సీసాల్లో నత్రజని పుష్కలంగా ఉన్న మట్టి వాడి, పొలంలో అంచనా ఎక్కువ వచ్చిందంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

ఏటా వేస్తూ పోతే

ప్రతి ఏడాది గడ్డి వేసిన రోజున మొదటి రెండు గదులకు కొత్త కర్బనం కలుపుతూ షీటును ఇరవై, ముప్పై ఏళ్లకు పొడిగించండి. మొదట మిగులు ఏటా పెరుగుతుంది, తర్వాత పెరుగుదల తగ్గి, వచ్చేదీ పోయేదీ సమానమైన చోట ఆగుతుంది. మొదటి ఏడాది మిగులును ముప్పైతో గుణించి నేలలో ఇంత కర్బనం దాస్తామని చెప్పే లెక్కలు ఈ ఒక్క కారణం చేతే తప్పు. పైగా వేయడం ఆపిన ఏడాది నుంచి తరుగు మొదలవుతుంది. ఆపిన తర్వాతి పదేళ్లు కూడా షీటులో నడిపి చూపించండి.

ఫలితం చెప్పేటప్పుడు ఒకే అంకె ఇవ్వకండి. ప్రతి రేటునూ, వంతునూ మీ కొలతల్లో కనబడిన హెచ్చుతగ్గుల మేరకు అటూ ఇటూ కదిపి, వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ రాయండి. ఆ అంకెల పక్కనే గడ్డి రకం, లోతు, రేట్లు ఏ ఉష్ణోగ్రతవి, బంకమట్టి శాతం, ఎన్ని రోజుల కొలత అన్నవి కూడా రాసిపెట్టండి. వచ్చే ఏడాది ఇంకొకరు మీ రేట్లను అరువు తీసుకోవాలంటే వాళ్లకు కావలసినవి ఇవే.